ఇంటి వద్ద భయానక వేషాలు, బొమ్మల తయారీ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఒక రూపాన్ని చూసినప్పుడు భయం ఎందుకు కలుగుతుందో వివరించగలుగుతారు.
• ఇంట్లో దొరికే వస్తువులతో ముసుగు, దయ్యపు బొమ్మ, దిష్టిబొమ్మ తయారుచేయగలుగుతారు.
• ముఖానికి వాడదగిన, వాడకూడని రంగులను గుర్తించగలుగుతారు.
• భయాన్ని వినోదంగా చూపడానికీ, మూఢనమ్మకంగా పెంచడానికీ మధ్య తేడాను చర్చించగలుగుతారు.

పరిచయం

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రహదారి మీద మొయినాబాద్, చేవెళ్ల మీదుగా ప్రయాణించినవారికి రెండు దృశ్యాలు గుర్తుండిపోతాయి. ఒకటి, దారికి రెండు వైపులా ఊడలు దించిన పాత మర్రిచెట్లు. రెండోది, కూరగాయల తోటల్లో చేతులు చాచి నిలబడిన దిష్టిబొమ్మలు. మర్రిచెట్టు మీద దయ్యం ఉంటుందని పెద్దలు చెప్పగా విన్నవారే, మరునాడు పాత చొక్కాలో గడ్డి కూరి చేనులో దిష్టిబొమ్మను నిలబెడతారు. భయపడటమూ, భయపెట్టే వస్తువును చేయటమూ మన పల్లెలకు రెండూ తెలిసినవే.

పాశ్చాత్య దేశాల్లో అక్టోబర్ 31న హాలోవీన్ జరుపుకుంటారు. ఐర్లాండ్‌లో పూర్వం టర్నిప్ దుంపను తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవారు. అక్కడి నుంచి అమెరికాకు వలస వెళ్లినవారు గుమ్మడికాయను వాడుకలోకి తెచ్చారు. మన దగ్గర ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారు. కట్టుబడిలో ఉన్న ఇంటికి కోరలు, పెద్ద కళ్లు ఉన్న రాక్షసముఖం తగిలిస్తారు. ఆచారాలు వేరైనా, ఒక కాయకో బొమ్మకో ముఖం గీసి గుమ్మం దగ్గర ఉంచడం రెండు చోట్లా కనిపిస్తుంది. పాఠశాల వార్షికోత్సవానికో, కాలనీ వేడుకకో భయానక గదిని ఏర్పాటు చేయదలచినవారు బజారు సామాను కొనవలసిన పనిలేదు.

భయం ఎలా పుడుతుంది?

మనిషి కన్ను ముఖాన్ని వెతుకుతుంది. గోడ మీది మరకలోనూ, చెట్టు తొర్రలోనూ మనకు ముఖాలు కనిపించడానికి కారణం ఇదే. సగం మాత్రమే తెలిసిన ఆకారాన్ని మనసు తనకు తెలిసిన రూపంతో పూరిస్తుంది. కాబట్టి బొమ్మకు అన్ని వివరాలూ ఇవ్వనక్కరలేదు. రెండు నల్లని కంటి గుంటలు, తెరచిన నోరు చాలు.

రెండో కారణం వెలుతురు. సూర్యకాంతి గానీ, ఇంటి దీపం గానీ సాధారణంగా పైనుంచి పడుతుంది. టార్చిలైటును గడ్డం కింద పెడితే నీడలు తలకిందులై, తెలిసిన ముఖమే తెలియనిదిగా మారుతుంది. మూడో కారణం కదలిక. ఎవరూ తాకకుండానే కదిలే వస్తువు మనల్ని ఉలికిపడేలా చేస్తుంది.

దిష్టిబొమ్మ విషయంలో రైతులకు ఇది అనుభవంలో ఉన్నదే. ఒకే చోట కదలక నిలబడిన బొమ్మకు పక్షులు కొద్ది రోజుల్లోనే అలవాటుపడతాయి. అందుకే బొమ్మ చోటు మారుస్తుండాలి. గాలికి కదిలే గుడ్డ పీలికలు, మెరిసే కాగితాలు కట్టాలి. మీ భయానక గదికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

తయారీ విధానం

1. కాగితపు ముసుగు: ఒక గ్లాసు మైదాను ముందుగా ఒక గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపాలి. నాలుగు గ్లాసుల నీళ్లు మరిగించి, అందులో దీన్ని పోస్తూ చిక్కబడే వరకు కలియబెట్టాలి. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా ఈ లేపనంలో మైలుతుత్తం కలుపుతారు. అది విషపదార్థం కాబట్టి ముఖానికి తగిలే ముసుగుకు వాడకూడదు.

చెరువు బంకమన్నుతో చెక్క మీద ముఖం అచ్చు చేసుకోవాలి. నుదురు, ముక్కు, దవడ ఎముకలను కొంచెం పెంచి చేస్తే రూపం భయంకరంగా వస్తుంది. అచ్చు మీద మొదటి పొరగా నీళ్లలో తడిపిన కాగితం ముక్కలు మాత్రమే పరచాలి. అప్పుడు ముసుగు అచ్చుకు అంటుకోదు. దాని మీద లేపనం రాసిన వార్తాపత్రిక ముక్కలను ఐదు పొరలుగా అతికించాలి. నీడలో పూర్తిగా ఆరాక అచ్చు నుంచి విడదీసి, కళ్లకూ ముక్కుకూ పెద్ద రంధ్రాలు కత్తిరించాలి.

2. గంజి దయ్యం: పలుచని పాత ధోవతి ముక్కను చిక్కటి గంజిలో ముంచి పిండాలి. ఒక సీసా మీద ఊదిన బెలూను నిలిపి, దానిపై గుడ్డ కప్పి, అంచులు కిందికి జారేలా సర్దాలి. ఎండలో గట్టిపడ్డాక బెలూనును పగలగొట్టి తీసివేస్తే, లోపల ఏమీ లేని ఆకారం మిగులుతుంది. నల్లదారంతో వేలాడదీసి, దూరంగా ఫ్యాను పెడితే నెమ్మదిగా ఊగుతుంది.

3. దిష్టిబొమ్మ: రెండు కర్రలను అడ్డంగా, నిలువుగా కట్టి, పాత చొక్కా తొడిగి వరిగడ్డి కూరాలి. పగిలిన కుండకు సున్నం పూసి, బొగ్గుతో కళ్లు గీసి తలగా బోర్లించాలి. మనిషి కంటే ఒక అడుగు ఎత్తుగా నిలబెడితే చీకట్లో మరింత ప్రభావం చూపుతుంది.

ముఖానికి రంగులు

పూర్వం వీధి నాటకాలు, భాగవతాలు ఆడిన కళాకారులు ముఖానికి అర్దళం పూసుకునేవారు. పసుపుపచ్చగా మెరిసే ఈ ఖనిజం ఆర్సెనిక్, గంధకాల సమ్మేళనం. సంప్రదాయంలో ఉన్నంత మాత్రాన ఇది సురక్షితం కాదు. గోడలకు, గుడ్డలకు వేసే రంగులు కూడా చర్మానికి పనికిరావు. కొబ్బరినూనె రాసుకొని దాని మీద బియ్యప్పిండి అద్దితే తెలుపు వస్తుంది. నలుపుకు ఇంట్లో పట్టిన ఆముదపు కాటుక, ఎరుపుకు బీట్‌రూట్ రసం వాడవచ్చు. ఏదైనా ముందుగా ముంజేతి మీద కొద్దిగా రాసి, మరునాటి వరకు దురద రాలేదని చూసుకోవాలి.

బొమ్మలకు నెత్తుటి రంగు కావాలంటే పసుపు నీళ్లలో కొద్దిగా సున్నం కలపాలి. క్షారం తగిలిన పసుపు ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే. సున్నం కంటికి హాని చేస్తుంది కాబట్టి దీన్ని మనుషుల మీద వాడకూడదు.

వినోదం ఎక్కడ ఆగాలి?

పై రసాయనిక మార్పును గమనించండి. మందారపూలు రుద్ది ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే, ఆమ్లం తగిలి రసం ఎర్రగా కారుతుంది. మీ గదిలో ఇది వినోదం. ఒక దొంగ మంత్రగాడు ఇదే పని చేసి, "మీ ఇంటి మీద ఎవరో ప్రయోగం చేశారు" అంటే అది నేరానికి మొదటి మెట్టు అవుతుంది. బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల మీద దాడులు, హత్యలు జరిగాయి. దిక్కులేని వృద్ధులు, ఒంటరి మహిళలు ఇటువంటి అనుమానానికి సులభంగా గురవుతారు.

కాబట్టి వేషం ఎంపికలో విచక్షణ అవసరం. జుట్టు విరబోసుకున్న ముసలి మంత్రగత్తె వేషం హాలోవీన్‌లో నవ్వులాట కావచ్చు. మన ఊరిలో అది పక్కింటి అవ్వ వైపు వేలు చూపవచ్చు. వికలాంగులను, రోగులను, ఏదైనా ఒక కులాన్ని గుర్తుకు తెచ్చే వేషాలు కూడా వద్దు. దయ్యం, అస్థిపంజరం, కోరల రాక్షసుడు వంటి ఊహారూపాలు చాలు.

మహారాష్ట్ర 2013లో, నరేంద్ర దభోల్కర్ హత్య తరవాత, చేతబడి పేరిట జరిగే అమానుష చర్యలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా చేరిన రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) చెబుతుంది. భయానక గది ఈ విధికి ఉపయోగపడగలదు. ప్రదర్శన ముగిశాక లైట్లు వేసి, నల్లదారాన్నీ, ఫ్యానునూ, పసుపు సున్నాలనూ పిల్లలకు చూపండి. వాళ్ల చేతే మరొక దయ్యాన్ని చేయించండి. దయ్యాన్ని తన చేతులతో చేసిన పిల్లవాడిని దయ్యం పేరు చెప్పి మోసగించడం కష్టం.

జాగ్రత్తలు

గడ్డి, గుడ్డ, కాగితం త్వరగా అంటుకుంటాయి. కొవ్వొత్తులు, కిరోసిన్ దివిటీలు కాక బ్యాటరీ దీపాలే వాడాలి. గదికి రెండు దారులు ఉంచాలి. చిన్నపిల్లలను, గర్భిణులను, గుండెజబ్బు ఉన్నవారిని లోపలికి రమ్మని బలవంతపెట్టకూడదు. వాహనాలు నడిపేవారికి కనిపించేలా రోడ్డు పక్కన, ముఖ్యంగా మర్రిచెట్ల నీడలో, బొమ్మలు పెట్టకూడదు.

సారాంశం

అసంపూర్ణమైన రూపం, అలవాటు లేని వెలుతురు, కారణం తెలియని కదలిక కలిస్తే భయం పుడుతుంది. ఈ మూడింటినీ గంజి, మైదా, గడ్డి, పాతగుడ్డలతో సృష్టించవచ్చు. భయాన్ని ఎలా తయారుచేశారో చివరికి చూపినప్పుడే ఆ వినోదం విద్య అవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ముసుగు అచ్చు మీద మొదటి పొరకు లేపనం ఎందుకు రాయకూడదు?
2. అర్దళం ముఖానికి ఎందుకు పనికిరాదు?
3. మంత్రగత్తె వేషం మన గ్రామాల్లో ఎందుకు తగదో పది వాక్యాల్లో చర్చించండి.