మామిడి పండులో పాజిట్రాన్

హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడినవాళ్ల చేతిసంచిలో నూజివీడు పెద్ద రసం ఒకటుంటే, అది కొన్ని గంటలకో పాజిట్రాన్‌ను (ఎలక్ట్రాన్‌కు వ్యతిరేక కణం) పుట్టిస్తుంటుంది. పండులోని పొటాషియంలో దాదాపు పదివేల పరమాణువులకు ఒకటి సహజంగానే రేడియోధార్మికం. అలాంటివి లక్ష విచ్ఛిన్నమైతే ఒక్కదాని నుంచి పాజిట్రాన్ వస్తుంది. మన ఒంట్లోనూ పొటాషియం ఉంది గనక రోజుకు వేలల్లో పుడతాయి. భయపడి పండు మానేయక్కర్లేదు!

పుట్టిన పాజిట్రాన్ క్షణం నిలవదు. దగ్గర్లోని ఎలక్ట్రాన్‌తో కలిసి రెండూ మాయమై, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. పెట్ స్కాన్ పనంతా ఆ జంటను పట్టుకోవడమే.

మరి హాల్ యాంగర్ 1950ల్లో కాలిఫోర్నియాలో తయారుచేసిన గామా కెమెరా ఈ పని చేయలేదా? చేస్తుంది, కష్టపడి. దానికి అలవాటైన టెక్నీషియం కిరణాల శక్తి 140 మాత్రమే. సెంటీమీటరు మందం కూడా లేని సోడియం అయొడైడ్ స్ఫటికం వాటిలో నూటికి తొంభై దాకా ఆపుతుంది. 511వి అయితే డెబ్బై దాకా తప్పించుకుపోతాయి. స్ఫటికం ముందుండే సీసపు జల్లెడనూ (కాలిమేటర్ అంటారు) చీల్చుకుపోతాయి. అందుకే 1990ల్లో రెండు దారులు తొక్కారు. ఒకటి, మందపాటి సీసంతో కాలిమేటర్ చేయించడం. దాన్ని కెమెరా చట్రం మోయగలదా అని ముందు చూసుకోవాల్సినంత బరువు! గుండె కండరంలో ప్రాణం మిగిలిందో లేదో చూడటానికి ఇది బాగానే పనికొచ్చింది. రెండోది, కాలిమేటర్ తీసేసి, ఎదురెదురుగా ఉన్న రెండు కెమెరాలకు ఒకేసారి తగిలిన కిరణాలనే లెక్కలోకి తీసుకోవడం. ‘ఒకేసారి’ అంటే సెకనులో వంద కోట్లో వంతులు పది, పదిహేను. పదింట తొమ్మిది జంటలు చేజారిపోయేవి. చిన్న గడ్డలు కనపడేవి కావు.

పెట్ స్కాన్లలో ఎక్కువగా వాడే ఎఫ్‌డీజీని మనిషికి తొలిసారి ఎక్కించింది 1976 ఆగస్టులో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. విశేషమేమిటంటే, అప్పుడు ఒళ్లంతా తీసిన బొమ్మ కూడా పెట్ యంత్రంతో తీసింది కాదు. పాతతరం స్కానర్‌కు బరువైన కాలిమేటర్ తగిలించి తీశారు.

ఎఫ్‌డీజీ పాజిట్రాన్లను విడిచే ఒకరకం గ్లూకోజు. కణంలోకి వెళ్లగానే ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే పదార్థం) నుంచి ఒక ఫాస్ఫేటు వచ్చి దానికి అంటుకుంటుంది. ఇక బయటకు రాలేదు. ఆకలిగొన్న క్యాన్సర్ కణాలు మెరిసేది అందుకే. ఈ ఏటీపీని కండరాల్లో కనుగొన్నవారిలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన్ను మనం తలుచుకోవాల్సినంత తలుచుకోం.

ఎఫ్‌డీజీ అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం) 110 నిమిషాలు. హైదరాబాద్ నుంచి హనుమాన్ జంక్షన్‌కు కారులో ఐదున్నర గంటలు పట్టిందనుకోండి, బయల్దేరినప్పుడున్న రేడియోధార్మికతలో ఎనిమిదో వంతే మిగులుతుంది. ఇంత త్వరగా తరిగిపోయే పదార్థంతో పనిచేసే తొలి పెట్ యంత్రం మన దేశంలో ముంబయిలోని పరేల్‌లో 2002లో మొదలైంది.

స్కాన్‌కు ముందు కొన్ని గంటలు ఏమీ తినొద్దనేది రక్తంలోని చక్కెర ఎఫ్‌డీజీకి పోటీ రాకూడదని. షుగర్ ఉన్నవాళ్లు మందులు, ఇన్సులిన్ సంగతి స్కాన్ కేంద్రానికి ముందురోజే ఫోన్ చేసి అడగాలి.

డాక్టరు గామా కెమెరా స్కాన్ రాస్తే పాత యంత్రమని తీసిపారేయకండి. ఎముకలు, థైరాయిడ్, కిడ్నీల పనితీరు చూడటానికి ఇప్పటికీ ఎక్కువగా వాడేది అదే.