లారీ జాడ తెలుస్తుంది, బాయిలో మనిషి జాడ ఎందుకు తెలియదు?

గోదావరిఖని ఓపెన్‌కాస్టు నుంచి బొగ్గు లోడుతో బయల్దేరిన లారీకి జీపీఎస్ పెట్టె ఉంటే, దారి మళ్లినా, ఎక్కడైనా ఆగినా ఆఫీసులో మ్యాపు మీద తెలిసిపోతుంది. ఉపగ్రహం పైనుంచి చూస్తోందని చాలామంది అనుకుంటారు. కానీ అలాంటి లారీ ఒకటుందన్న సంగతే ఉపగ్రహానికి తెలియదు.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడున్నాయో, టైమెంతో ఎడతెగకుండా చెబుతుంటాయి. లారీలోని పెట్టె వింటుంది, అంతే. ఆ కబురు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టే పెట్టె దూరం లెక్కగడుతుంది. గడియారం సెకనులో పదిలక్షలో వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. పెట్టెలోది చవక గడియారం; దాని తప్పునూ పట్టుకోవాలి కాబట్టి మూడు ఉపగ్రహాలు చాలవు, నాలుగు కావాలి.

తానెక్కడుందో లారీకి తెలిసింది సరే, ఆఫీసుకెలా తెలుస్తుంది? పెట్టెలో సిమ్ ఉంటుంది. చోటు తేలగానే మొబైల్ టవర్ ద్వారా పంపుతుంది.

ఓపెన్‌కాస్టు అడుగుకు దిగేకొద్దీ, మెట్లలా తవ్విన బెంచీల గోడలు ఆకాశాన్ని కమ్మేస్తాయి, మట్టి కుప్పలు టవర్‌కు అడ్డొస్తాయి. సిగ్నల్ పోతే చాలా పెట్టెలు వివరాలు దాచుకుని, పైకొచ్చాక ఒక్కసారే పంపుతాయి. మ్యాపులో బండి కాసేపు ఆగిపోయి, తర్వాత ఒక్క ఉదుటున దూకినట్టు కనిపించేది అందుకే. డ్రైవరన్నను నిలదీసే ముందు ఇది చూసుకోవాలి.

అండర్‌గ్రౌండ్ బాయిలో ఉపగ్రహం, టవర్ రెండు దారులూ మూసుకుపోతాయి. నేలకు చేరేసరికే ఉపగ్రహ సిగ్నల్ బలం, ఒక వాట్‌ను కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో వందో వంతు. కొన్ని మీటర్ల రాయి చాలు దాన్ని మింగేయడానికి. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. అలాంటి చోట మనుషుల్ని వెతకడానికి ఆకాశం నుంచి ఏ సాయమూ అందదు.

కింద వేరే ఏర్పాటు కావాలి. రేడియో తరంగాలను పొడవునా బయటికి వదిలే తీగను లెవల్స్ (గనిలోని సొరంగ దారులు) వెంట లాగుతారు. క్యాప్‌ల్యాంప్‌కు చిన్న ట్యాగ్ పెడతారు. మనిషి జంక్షన్ దాటినప్పుడల్లా అక్కడి యంత్రం ఆ ట్యాగ్‌ను నమోదు చేస్తుంది. కచ్చితమైన చోటు తెలియకపోయినా, ఏ రెండు జంక్షన్ల మధ్య ఉన్నాడో తెలుస్తుంది. రెస్క్యూ వాళ్లకు అదెంతో మేలు. అయితే పైకప్పు కూలితే తీగా తెగుతుంది. అందుకే దాన్ని రెండు కొసల నుంచీ పైకి కలపాలి. అప్పుడు ఒకచోట తెగినా రెండో వైపు నుంచి కబురు వస్తూనే ఉంటుంది.