తెరపై కుస్తీ

భైంసా, ముథోలు ప్రాంతములు పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండెను. 2016 నుండి నిర్మల్ జిల్లాలో చేరినవి. అచ్చటి పల్లెలలో జాతర జరుగునప్పుడు కుస్తీపోటీలు పెట్టుట ఆచారము. చాలచోట్ల తొలి కుస్తీకి బహుమానము కొబ్బరికాయ. కడపటి కుస్తీకి వెండి కడియము. జనము చుట్టును మూగి చూచుచుండగా, బలశాలి యొకడు తనకంటె సన్ననివాని చేతిలో వెల్లకిల పడుట అప్పుడప్పుడు జరుగును. పెద్దలు అందుకు ఆశ్చర్యపడరు. బలము చాలదనియు, పట్టు తెలియవలెననియు, అదను కనిపెట్టవలెననియు వారెరుగుదురు.

నేటి బాలురు ఫోనులపైనను, కంప్యూటరులపైనను ఆడు పోరాటపు ఆటలకును ఈ సూత్రమే వర్తించును. వానిలో సరళమైనది రెండు కొలతల ఆట. అందలి బొమ్మలు ముందునకు, వెనుకకు నడచును, పైకెగురును, క్రిందికి వంగును. ప్రక్కకు మాత్రము తొలగలేవు. తోలుబొమ్మలాటలో తెరపై ఇరువురు వీరులు తలపడినట్లే యుండును. 1991లో జపాను దేశపు క్యాప్‌కామ్ సంస్థ వెలువరించిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ ఇట్టి ఆటలకు ప్రపంచమంతట వ్యాప్తి కలిగించెను.

ఈ పోరాటమునకు మూలము మూడు క్రియలు: కొట్టుట, అడ్డుకొనుట, పట్టి పడవేయుట. కొట్టువానిని అడ్డుకొనువాడు ఆపును. అడ్డుకొని కదలక నిలిచినవానిని పట్టువాడు పడవేయును. పట్టవచ్చువానిని ముందుగా కొట్టినవాడు గెలుచును. కావున ఏ యొక్క క్రియయు ఎల్లవేళల జయము నీయదు. ఎడతెగక మీటలు నొక్కుచు కొట్టుచునే యుండువాడు తుదకు ఓడుటకు కారణమిదియే.

పిమ్మట తెలియవలసినది కాలము. ఇట్టి ఆటలలో సాధారణముగా సెకనుకు 60 చిత్రములు తెరపై మారును. ప్రతి దెబ్బకును మూడు దశలు కలవు: చేయి లేచుట, తగులుట, మరల వెనుకకు వచ్చుట. పెద్ద దెబ్బ గురి తప్పినచో, చేయి వెనుకకు వచ్చువరకు కొట్టినవాడే నిస్సహాయుడు. నేర్పరి ఆ క్షణము కొరకే వేచియుండును. మనుష్యుడు ఒకదానిని చూచి వ్రేలు కదల్చుటకు సెకనులో సుమారు నాలుగవ వంతు పట్టును. అంతలో 15 చిత్రములు గడచిపోవును. చిన్న దెబ్బలు అంతకంటె వేగముగా తగులును. కనుక చూచిన పిదప తప్పించుకొందమన్న వీలు కాదు. ఎదిరి యేమి చేయనున్నాడో ముందే ఊహింపవలెను.

ఈ ఆటలో అభివృద్ధి యెట్లు కలుగును? అన్నదమ్ము లిద్దరు ఆడుచున్నారనుకొనుడు. తమ్ముడు పదిమార్లు ఓడి, “మీటలే సరిగా లేవు” అని కోపగించెను. అన్న నవ్వి, “తమ్మీ, నీవు దూకినప్పుడెల్ల దిగులోపలనే దెబ్బ తినుచున్నావు, చూచుకో” అనెను. తమ్ముడు తన ఓటములను తలచి చూడగా, పదింట ఏడు అట్లే కలిగినవి. మరునాడు అతడు దూకుట తగ్గించెను. అయినను ఓడెను. కాని ఈమారు ఓటమికి కారణము వేరు: అతడు అడ్డుకొని నిలిచియుండగా అన్న పట్టి పడవేసెను. అతడు ముందడుగు వేసెననుటకు గుర్తు అదియే. నిన్నటి తప్పుతోనే నేడును ఓడువాడు నిలిచినచోటనే యున్నాడు. క్రొత్త తప్పుతో ఓడువాడు ముందునకు నడచుచున్నాడు.

చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున 2023లో జరిగిన ఆసియా క్రీడలలో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ పతకపు పోటీగా నుండెను. అందు స్వర్ణపతకము గెలిచిన దక్షిణ కొరియా వాసి కిమ్ గ్వాన్‌ఊ వయస్సు అప్పటికి 44 ఏండ్లు. వ్రేళ్ల వేగమే సర్వమైనచో ఆ పతకము పిన్నలకే దక్కియుండును.

అయితే తెరపై ఆడునప్పుడు శ్రమించునది కన్నును వ్రేలును మాత్రమే. దండీలు, బస్కీలు తీయువానికి కలుగు దేహపుష్టి ఇందు లభింపదు. కావున దీనికి మితమైన కాలమే కేటాయింపవలెను. ఆ కొద్ది కాలమునను నేర్చుకొనదగినది ఒకటి కలదు. జాతరలో వెల్లకిల పడిన పహిల్వాను మట్టి దులుపుకొని లేచి, మరునాడు తాలీములో తన్ను పడవేసిన పట్టునే ముందుగా సాధన చేయును. తెర ముందు కూర్చున్న బాలునికిని మార్గము అదియే.