ఎడారి కొండల్లో తొలి దుప్పి వేట: అపోహలు – వాస్తవాలు

అమెరికా నైరుతి మూలన, మెక్సికోను ఆనుకొని ఉన్న అరిజోనా రాష్ట్రపు దక్షిణ భాగంలో, ముళ్లపొదల మైదానం నడుమ నుంచి ఒక్కసారిగా పైకి లేచే పర్వతాల మీద బతికే చిన్నపాటి తెల్లతోక దుప్పిని అక్కడివారు కూజ్ డీర్ అని పిలుస్తారు. ఇది అమెరికాలో విస్తారంగా కనిపించే తెల్లతోక దుప్పికి ఒక ఉపజాతి. 1864లో ప్రెస్కాట్ దగ్గరి ఫోర్ట్ విపుల్ సైనిక స్థావరానికి వైద్యుడిగా వచ్చి, ఆ ప్రాంతపు పక్షులను, జంతువులను శ్రద్ధగా నమోదు చేసిన ఎలియట్ కూజ్ పేరు దీనికి స్థిరపడింది. 1902లో పుట్టిన ప్రసిద్ధ వేట రచయిత జాక్ ఓకానర్ దీనిని మెచ్చుకొంటూ రాసిన వ్యాసాలు ఈ వేటకు దేశమంతటా పేరు తెచ్చాయి.

ఈ వేటకు తొలిసారి సిద్ధపడేవారిలో పాతుకుపోయిన అపోహలు ప్రధానంగా రెండు దారుల్లో వస్తాయి. సినిమాలు చూపిన ఎడారి ఒకటి కాగా, తూర్పు రాష్ట్రాల దట్టమైన అడవుల్లో మంచె మీద కూర్చొని చేసే వేటల అనుభవం రెండవది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినందువల్ల, అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయంలో కుటుంబ పరంపరగా అందిన జ్ఞానం ఉండదు కనుక, వినికిడి కబుర్లు మూడవ దారి అవుతాయి. దారులు ఏవైనా, తుపాకీ పేలే క్షణమే వేట అనుకోవడం వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం. కష్టమైన పనంతా ఆ క్షణానికి ముందూ వెనకా ఉంటుంది.

అపోహ: అమెరికాలో తుపాకీ, లైసెన్సు ఉంటే చాలు, ఎప్పుడైనా ఎక్కడైనా దుప్పిని వేటాడవచ్చు.

లైసెన్సు అనేది తొలి మెట్టు మాత్రమే. దానికి తోడు, ఒక జంతువును వేటాడేందుకు ఇచ్చే ‘ట్యాగ్’ అనే ప్రత్యేక అనుమతి చీటీ ఉండాలి. అరిజోనాలో తుపాకీతో చేసే దుప్పి వేటకు ఆ చీటీని లాటరీ పద్ధతిలో కేటాయిస్తారు. రాష్ట్రాన్ని యూనిట్లుగా విభజించి, ఏ యూనిట్‌లో ఏ తేదీల మధ్య ఎన్ని ట్యాగులు ఇవ్వాలో దుప్పుల సంఖ్యను బట్టి ముందే నిర్ణయిస్తారు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు జరిగే వేటలకు దరఖాస్తు గడువు సాధారణంగా జూన్ మొదట్లోనే ముగిసిపోతుంది. ఇతర రాష్ట్రాల వారికి ఒక్కో వేటలో 10 శాతానికి మించి ట్యాగులు దక్కవు. దుప్పులు జతకట్టే కాలం జనవరిలో ఉంటుంది కనుక, దానికి దగ్గరగా ఉండే డిసెంబరు వేటల్లో మగదుప్పులు ఎక్కువగా సంచరిస్తాయి. అందుకే ఆ ట్యాగులు తక్కువ, పోటీ ఎక్కువ.

హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. అటువంటివారు తుపాకీనిగాని తూటాలనుగాని కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఆ నిషేధానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి తుపాకీని సరదాగా చేతిలోకి తీసుకోవడం కూడా తేలికగా తీసుకోదగ్గ విషయం కాదని దీని అర్థం. పెద్ద జంతువుల వేటకు సాయంగా చెట్లకు ఆటోమేటిక్ కెమెరాలు కట్టడాన్ని అరిజోనా 2022 జనవరి 1 నుంచి నిషేధించింది. డ్రోనుతో జంతువుల జాడ పట్టడమూ నేరమే. ఈ నియమాలు చిరాకు కలిగించవచ్చుగాని, ఆ కొండల్లో దుప్పులు మిగిలి ఉండడానికి ఇవి కూడా ఒక కారణం.

అపోహ: ఎడారి అంటే ఇసుక, చదును, ఎండ.

దక్షిణ అరిజోనా పర్వతాలను భూగోళ శాస్త్రజ్ఞులు ‘ఆకాశ ద్వీపాలు’ అంటారు. చుట్టూ ఎడారి సముద్రంలా పరచుకొని ఉండగా, పైన చల్లని అడవిని మోస్తూ విడివిడిగా నిలిచిన పర్వతాలకు అది తగిన పేరే. టూసాన్ నగరం సుమారు 730 మీటర్ల ఎత్తున ఉంటే, దానికి దక్షిణాన శాంటా రీటా పర్వతాల్లోని మౌంట్ రైట్‌సన్ శిఖరం 2,881 మీటర్లు. ఆ ఎత్తుల మధ్య కాక్టస్ పొదలు, గడ్డి నేలలు, ఓక్ చెట్ల వనాలు, పైన్ అడవులు వరుసగా వస్తాయి. కూజ్ దుప్పి ఎక్కువగా ఆ నడిమి ఓక్ వనాలను, వాటి అంచులను ఆశ్రయిస్తుంది. దిగువ మైదానాల్లో కనబడేది దానికంటే బాగా పెద్దదైన మ్యూల్ డీర్ అనే వేరే జాతి. మధ్యాహ్నం చొక్కా తడిసేటంత చెమట పట్టించిన చోటే డిసెంబరు రాత్రి నీరు గడ్డకడుతుంది, ఎత్తున మంచు కురుస్తుంది. తడిస్తే తొందరగా ఆరని నూలు దుస్తులకు బదులు ఉన్ని లేక కృత్రిమ దారపు దుస్తులను పొరలుపొరలుగా వేసుకోవాలని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఈ తేడాయే. కాళ్లకు అభ్యాసం ఇచ్చేవారు సాధారణంగా ఎక్కడం మీదే దృష్టి పెడతారుగాని, రాళ్లు జారే వాలులో వీపున బరువుతో దిగేటప్పుడే మోకాళ్లకు అసలు పరీక్ష ఎదురవుతుంది కనుక, బరువు మోస్తూ దిగే అభ్యాసం నెలల ముందే మొదలుపెట్టడం మేలు.

అపోహ: ఎంత ఎక్కువ నడిస్తే అన్ని దుప్పులు కనబడతాయి.

తొలిసారి వెళ్లేవారిని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసే నమ్మకం ఇదే. కూజ్ మగదుప్పి బరువు 45 కిలోలు దాటడం అరుదు, ఆడది సుమారు 30 కిలోలు; తెలుగు నేల మీది అడవుల్లో కనిపించే చుక్కల దుప్పి మగది దీనికి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు రాళ్ల రంగులో కలిసిపోగా, ఈ దుప్పి కదలకుండా నిలబడితే వంద మీటర్ల దూరంలోనైనా మనిషి కంటికి అందదు. నడిచివచ్చే మనిషి మాత్రం దాని చెవికి, ముక్కుకు చాలా ముందే అందుతాడు. పర్వత సింహం అనే పెద్ద పిల్లికి నిత్యం ఆహారమయ్యే జంతువు ఇంతకంటే తక్కువ అప్రమత్తంగా ఉంటే బతకదు. అందువల్ల ఇక్కడ వేటలో అధిక భాగం ఒకచోట కూర్చొని, ఎదుటి కొండవాలును బైనాక్యులర్‌తో గంటల తరబడి వెతకడంగా సాగుతుంది; దీనికి అక్కడి వాడుక మాట ‘గ్లాసింగ్’.

ఈ పనికి చేత పట్టుకొనే పదిరెట్ల బైనాక్యులర్ ఆరంభానికి సరిపోతుందిగాని, చేతి వణుకు కటకం చూపే దృశ్యాన్ని కూడా వణికిస్తుంది. అదే బైనాక్యులర్‌ను మూడుకాళ్ల స్టాండు మీద బిగిస్తే అంతవరకు కనబడని చెవి కదలికలు కనబడతాయి. అనుభవజ్ఞులు స్టాండు మీద పదిహేను రెట్ల బైనాక్యులర్ వాడతారు. కొత్త తుపాకీకి పెట్టే ఖర్చులో కొంత ఈ స్టాండుకు మళ్లించడం తెలివైన పని, దుకాణదారులు ఈ సలహా ఇవ్వకపోయినా. వాలును చూపులతో అక్కడా ఇక్కడా తడిమే బదులు, పొలంలో నాగలి చాళ్లు తీసినట్లు అడ్డంగా వరుసలు పెట్టుకొని, ప్రతి వరుసనూ నిదానంగా చూసుకుంటూ పోవాలి. వెతకవలసింది పూర్తి దుప్పి ఆకారం కోసం కాదు, నిలువుగా పెరిగిన చెట్ల మధ్య అడ్డంగా కనిపించే వెన్నుగీత, తెల్లని తోక అంచు, చెవి విదిలింపు వంటి ముక్కల కోసం. తెల్లవారగానే సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకొని, వెలుగు పడిన ఎదుటి వాలును చూడాలి. చలి ఉదయాల్లో దుప్పులు ఆ ఎండలో మేస్తాయి. పొద్దెక్కాక అవి ఉత్తరపు వాలులోని చెట్ల కిందికి చేరి పడుకుంటాయి. చాలామంది ఆ వేళ విడిదికి తిరిగిపోతారుగాని, నీడ జరిగినప్పుడల్లా దుప్పి లేచి, నాలుగడుగులు వేసి, కొత్త నీడలో మళ్లీ పడుకుంటుంది. ఓపికగలవారికి మధ్యాహ్నం వృథా కాదు.

అపోహ: పైకి కాల్చేటప్పుడు తూటా ఎక్కువ కిందికి పడుతుంది, కనుక గురి పెంచాలి.

ఈ నమ్మకం వినడానికి సబబుగా ఉంటుందిగాని, భౌతిక శాస్త్రం దీనికి విరుద్ధంగా చెబుతుంది. తూటాను నేలకు లాగే గురుత్వాకర్షణ ప్రభావాన్ని లెక్కించడానికి కాల్చే వ్యక్తికి, లక్ష్యానికి మధ్య ఉండే ఏటవాలు దూరం కంటే, వాటి మధ్య ఉండే సమతల దూరమే సరైన ఆధారం. 30 డిగ్రీల వాలులో 400 గజాల దూరాన దుప్పి ఉంటే సమతల దూరం సుమారు 346 గజాలే. 400 గజాలకని గురిపెడితే, దుప్పి పైన ఉన్నా కింద ఉన్నా తూటా దాని మీదుగానే పోతుంది. దూరాన్ని లేజర్ కిరణంతో కొలిచే రేంజ్‌ఫైండర్లలో చాలా నమూనాలు ఈ లెక్కను తామే చేసి చూపుతాయి. గాలి తోపును లెక్కించేటప్పుడు మాత్రం పూర్తి ఏటవాలు దూరాన్నే తీసుకోవాలి, ఎందుకంటే తూటా గాలిలో గడిపేది ఆ దూరమంతా.

కంటి అంచనా కూడా ఇక్కడ మోసం చేస్తుంది. పెద్ద దుప్పులకు అలవాటుపడిన కన్ను ఈ చిన్న జంతువును చూసి, అది ఉన్న దూరం కంటే ఎక్కువ దూరంలో ఉన్నట్లు భావిస్తుంది. తుపాకీ ఎంత దూరం కాల్చగలదన్న ప్రశ్నకు ప్రకటనలు ఇచ్చే జవాబు, రాళ్ల మీద కూర్చొని, ఆయాసంతో, వీపు సంచి ఊతంగా పెట్టుకొని కాల్చే మనిషికి వర్తించదు. బల్ల మీద తుపాకీ ఆనించి సాధన చేసినవారు కూర్చొని, మోకాలి మీద, బోర్లా పడుకొని కూడా సాధన చేసి, ఏ భంగిమలో ఎంత దూరం వరకు గురి తప్పడం లేదో తెలుసుకొని, ఆ హద్దుకు కట్టుబడితే గాయపడి తప్పించుకుపోయే జంతువుల సంఖ్య తగ్గుతుంది.

అపోహ: గాలి ఎటు వీస్తుందో ఉదయం ఒకసారి చూసుకుంటే చాలు.

కొండల్లో ఎండకు వేడెక్కిన గాలి పగలు వాలు వెంబడి పైకి పాకుతుంది, చల్లబడిన గాలి సాయంత్రం లోయలోకి జారుతుంది. ఉదయం కింది నుంచి సురక్షితంగా మొదలైన దారి పది గంటలకల్లా మనిషి వాసనను నేరుగా దుప్పి ముక్కుకు చేర్చవచ్చు.

అపోహ: నీటి దగ్గర కాపు వేస్తే ఎడారి దుప్పి తప్పక వస్తుంది, మనిషికి దాహమేస్తే కాక్టస్ ఉండనే ఉంది.

రుతుపవన వర్షాలకు ముందు, మే, జూన్ నెలల్లో దుప్పులు నీటి మడుగులను గట్టిగా నమ్ముకొంటాయనేది నిజమే. జూలైలో మొదలయ్యే రుతుపవనాల తరువాత, మళ్లీ శీతకాలపు వానల తరువాత, నీరు చిన్నచిన్న రాతి గుంటల్లో ఎక్కడపడితే అక్కడ దొరకడమేకాక, పచ్చి ఆకులోని తేమ కూడా తోడవుతుంది కనుక, ఆ రోజుల్లో ఒక మడుగు దగ్గర రోజంతా కాచుకొనడం పెద్దగా ఫలించదు. పైగా జంతువులను, పశువులను నీటికి దూరం చేసేలా మడుగుకు పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల లోపల విడిది వేయడం అరిజోనాలో చట్టవిరుద్ధం. విడిదిని ఎండిన వాగులోని మెత్తని ఇసుక మీద వేయాలన్న ఆలోచన కూడా మానుకోవాలి; ఎక్కడో ఎగువన కురిసిన వాన, తలపైన మబ్బు లేకుండానే, అక్కడికి వరదగా వస్తుంది.

కాక్టస్ సంగతికి వస్తే, బ్యారెల్ కాక్టస్ అనే గుండ్రని రకాన్ని కోస్తే నీళ్లు కారతాయన్నది సినిమా కథ. దాని గుజ్జు వాంతులు కలిగించి, ఒంట్లో ఉన్న నీటిని కూడా పోగొట్టవచ్చు. అక్కడి స్థానిక మొక్కల చట్టం ప్రకారం కాక్టస్‌లకు రక్షణ కూడా ఉంది. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీరు కావాలి, ఎండలో ఎక్కితే ఇంకా ఎక్కువ. లీటరు కిలో బరువు కనుక, రెండు రోజులకే 8 కిలోల నీరు వీపున చేరుతుందన్న లెక్క ముందే వేసుకోవాలి. సీసాలో నీరు పొదుపు చేస్తూ దాహాన్ని అణచుకోవడం వడదెబ్బకు దారి తీస్తే, ఉప్పు పదార్థం ఏదీ తినకుండా నీళ్లే అదేపనిగా తాగడం రక్తంలోని సోడియంను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. పశువుల చెరువు నీటిని వడకట్టి, శుద్ధి చేయకుండా తాగకూడదు.

అపోహ: అన్నిటికంటే పెద్ద ప్రమాదం పాములది.

తోకతో గిలక శబ్దం చేసే ర్యాటిల్ స్నేక్‌లలో 13 జాతులు అరిజోనాలో ఉన్నాయిగాని, చలి పెరిగేకొద్దీ అవి చురుకు తగ్గి దాక్కుంటాయి. కాటు పడితే కోసి పీల్చడం హానికరం. కదలిక తగ్గించి ఆస్పత్రికి చేరడమే మార్గం. చోళ్లా అనే కాక్టస్ ముళ్లగుత్తులతో దాదాపు ప్రతిరోజూ పేచీ వస్తుంది కనుక, వాటిని చేతితో ముట్టుకోకుండా విదిలించడానికి జేబులో ఒక దువ్వెన ఉంచుకోవాలి.

అపోహ: దుప్పి పడిపోవడంతో పని ముగుస్తుంది.

ముందు ట్యాగ్‌ను కళేబరానికి కట్టాలి, తరువాత కాలంతో పోటీ మొదలవుతుంది. అక్టోబరు వేటల్లో పగటి వేడి 30 డిగ్రీలు దాటవచ్చు. తోలు ఒంటి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది కనుక, తోలు తీసి, పేగులు తొలగించి, మాంసాన్ని పెద్ద ముక్కలుగా విడదీసి, గాలి ఆడే నూలు సంచుల్లో నీడన వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచి వేడిని, తేమను బంధించి మాంసాన్ని కుళ్లబెడుతుంది. అడవి మాంసానికి సహజమని చాలామంది అనుకొనే ఘాటు వాసన, తరచుగా ఈ చల్లార్చే పనిలో జరిగిన ఆలస్యం ఫలితమే. జంతువు మగదో ఆడదో తెలిపే ఆనవాలును మాంసానికి సహజంగా అంటుకొని ఉండేలా వదలాలని నియమం ఉన్నందున, మొత్తం శుభ్రంగా కోసేయాలన్న ఉత్సాహాన్ని కూడా అదుపులో పెట్టుకోవాలి. ఎముక తీసిన మాంసం సుమారు 15 నుంచి 18 కిలోలు వస్తుంది. తుపాకీ, బైనాక్యులర్, స్టాండు, మిగిలిన నీరు దానికి తోడైతే ఒకే విడతలో దించడం చాలామందికి సాధ్యం కాదు, రెండవ విడత చీకట్లో తలదీపం వెలుగులోనే జరుగుతుంది. కారులో ఉంచిన మంచుపెట్టెలో కరిగిన నీటిని ఎప్పటికప్పుడు బయటికి వదులుతూ, మాంసం ఆ నీటిలో నానకుండా పొడిగా ఉండేలా మంచుపైన జాలీ పెట్టి పేర్చాలి.