వాడిన మొక్కకు ముందు పరీక్ష, తర్వాతే మందు

బెట్ట తర్వాత ఒక్కసారిగా భారీ వాన పడితే, నల్లరేగడిలో నిండు కాపు మీదున్న పత్తి మొక్క పూట తిరక్కుండానే తల వాల్చేస్తుంది. గుంటూరు, ప్రకాశం రైతులు ఏటా చూసేదే. కంగారుగా పురుగుమందుల కొట్టుకెళితే ఏదో తెగులు మందు చేతిలో పెడతారు. నిజానికి ఆ మొక్కకు తెగులే లేదు. వేళ్లకు గాలాడక వచ్చే ఈ వడలుడును పారావిల్ట్ అంటారు. చేలో నిలిచిన నీటిని బయటికి తీయడమే దీనికి మొదటి వైద్యం.

ఆముదం చేలో ఆకులు పసుపుబారి, మొక్కలు అక్కడక్కడా గుంపులుగా ఎండుతుంటే సంగతి వేరు. కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల గోధుమ, నలుపు చారలుంటే ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం నీటి నాళాలను మూసేసిందని అనుమానించాలి. ఇదే ఎండు తెగులు.

అయితే అనుమానం నిర్ధారణ కాదు. ఈ జాతిలో నేలలో ఎవరికీ హాని చేయకుండా బతికే రకాలు ఎన్నో ఉన్నాయి. హాని చేసేవాటిలో పంటకో రూపం ఉంది: ఆముదాన్ని ఎండబెట్టేది ఒకటి, శనగను ఎండబెట్టేది మరొకటి. మైక్రోస్కోపు కింద అన్నిటివీ కొడవలి ఆకారపు బీజాలే. పాత పద్ధతిలో శిలీంధ్రాన్ని పెంచి, కుండీల్లోని మొక్కలకు సోకించి తేల్చుకోవాలంటే వారాలు పడుతుంది.

డీఎన్ఏ పరీక్ష ఈ చిక్కు విప్పుతుంది. కాండం ముక్కను నూరి డీఎన్ఏ తీస్తారు. ఫలానా రూపానికే ప్రత్యేకమైన భాగానికి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలను (ప్రైమర్లను) అందులో కలుపుతారు. పీసీఆర్ యంత్రం ఆ ద్రవాన్ని 95 డిగ్రీల దాకా వేడిచేసి, 55-60కి చల్లార్చి, మళ్లీ 72కి తెస్తుంది. ఒక్కో విడతలో ఆ భాగం రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం 30 విడతలయ్యేసరికి ఒక్కటి 107 కోట్లవుతుంది. తర్వాత ఆ ద్రవాన్ని జెల్ పలకలో నడిపిస్తారు; దాని మీద గీత పడితే శిలీంధ్రం దొరికినట్టే. అంతా కొన్ని గంటల పని. 1983లో ఈ పద్ధతిని ఊహించిన కేరీ మల్లిస్‌కు 1993లో నోబెల్ వచ్చింది.

రకం తెలిస్తే ఏం లాభం? అమెరికాలో చూడండి. మన దేశవాళీ పత్తిని ఎండబెట్టే రేస్ 4 రకం ఫ్యుజేరియం 2001లో కాలిఫోర్నియాలో, 2017లో టెక్సస్‌లో బయటపడింది. అక్కడ డీఎన్ఏ పరీక్షతో రేసును తేల్చుకుని, ఆ పొలంలో ఏ విత్తనం వేయాలో నిర్ణయించుకుంటున్నారు. ఆముదంలోనూ అంతే. ఈ శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది, ఎండిన మొక్కను ఏ పిచికారీ బతికించదు. కాబట్టి ఫలితం పనికొచ్చేది వచ్చే పంటకు: హరిత, డీసీహెచ్-519 వంటి తట్టుకునే రకాలు, ట్రైకోడెర్మాతో విత్తనశుద్ధి, పంట మార్పిడి.

ఈ పరీక్షకూ హద్దుంది. చచ్చిన శిలీంధ్రం డీఎన్ఏకూ గీత పడుతుంది. అందుకే ఫలితాన్ని చేలోని లక్షణాలతో కలిపి చదవాలి.

నమూనా కోసం పూర్తిగా ఎండినది కాక, అప్పుడే వాడుతున్న మొక్కను వేళ్లతో సహా తవ్వి, పాలిథిన్‌లో కాకుండా కాగితంలో చుట్టి గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రానికో, ప్రకాశం జిల్లా దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లండి. మందు డబ్బా కొనేది ఆ తర్వాతే.