సంగం ప్రాంతంలో పెంపుడు కుందేలు: సంతాన నిరోధక శస్త్రచికిత్స అనంతర సంరక్షణ

వ్యాససంగ్రహం

పశ్చిమ నెల్లూరు ప్రాంతంలో కోడెలకు, పొట్టేళ్లకు విత్తుకొట్టించడం తరతరాలుగా ఉన్న పని. ఆ అనుభవం నేర్పిన జాగ్రత్తలనే పెంపుడు కుందేలుకు కూడా వర్తింపజేస్తే ప్రాణాపాయం కలుగుతుంది. శస్త్రచికిత్స తర్వాత కుందేలు ప్రాణం గాయం మీద కంటే మేత మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందన్న అంశాన్ని సంగం పరిసరాల వాతావరణం, మేత, వైద్య వసతుల నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పెంపుడు కుందేలు, విత్తుకొట్టుట, శస్త్రచికిత్సానంతర సంరక్షణ, జీర్ణస్తంభన, పశ్చిమ నెల్లూరు.

1. ఉపోద్ఘాతం

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అన్న సామెతలో కుందేలు వేటలో చిక్కిన జంతువు. పంచతంత్రంలో అది సింహాన్ని బావిలో దూకించిన యుక్తిశాలి. చంద్రునికి శశాంకుడన్న పేరు దాని వల్లనే వచ్చింది. తెలుగు వాఙ్మయంలో కుందేలుకు చోటు కొరవడలేదు గాని, ఇంటి పశువుగా మాత్రం దానికి చరిత్ర లేదు. ఉదయగిరి కొండల అంచున, ఆత్మకూరు మెట్టల్లో పొదల మాటున పరుగెత్తే చెవులపిల్లి వేరు, పంజరంలో పెరిగే తెల్లకుందేలు వేరు. మొదటిది లెపస్ నైగ్రికాలిస్ అనే అడవిజాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తుంది. దాన్ని పట్టి తెచ్చి పెంచడం నేరం. రెండవది ఐరోపాలో పుట్టి, మనుషులతోపాటు దేశదేశాలకు ప్రయాణించిన ఓరిక్టోలేగస్ క్యునిక్యులస్. ఈ వ్యాసం రెండవదానికి సంబంధించినది.

సంగం పరిసరాలకు పశుపోషణ కొత్త కాదు. బ్రెజిల్ దేశపు ప్రసిద్ధ పశుజాతి 'నెలోరె' నెల్లూరు పేరునే మోస్తున్నది. జోడిపి, పల్ల, దొర అనే మూడు రకాల నెల్లూరు గొర్రెలు ఈ జిల్లా సొత్తు. విత్తు ఉన్న పశువును ఆంబోతు అని, కొట్టించినదాన్ని ఎద్దు అని మన భాష రెండు మాటలతో వేరుచేసింది. కుందేలుకు అటువంటి మాట లేదు. మాట లేకపోవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని మాట లేనిచోట దానితోపాటు నడిచే అనుభవజ్ఞానం కూడా ఉండదు. ఆ ఖాళీని గొర్రె జ్ఞానంతో పూరించబోవడమే ఇక్కడ ఎదురయ్యే ప్రమాదం.

2. విత్తుకొట్టడానికీ ఈ శస్త్రచికిత్సకూ గల భేదం

పశువైద్యశాలలో కోడెకు బర్డిజో పనిముట్టుతో విత్తుకొట్టడం చాలామంది చూసినదే. చర్మం తెగదు, రక్తం రాదు; పైనుంచి నొక్కి బీజనాళాన్ని నలుపుతారు. కాసేపటికి పశువు లేచి ఇంటిదారి పడుతుంది. కుందేలుకు ఈ పద్ధతి పనికిరాదు. దానికి పూర్తి మత్తు ఇచ్చి, చర్మం కోసి వృషణాలను తొలగించాలి. పైగా కుందేలులో వృషణాలు దిగే గజ్జ మార్గం జీవితాంతం తెరచుకునే ఉంటుంది. ఆ మార్గాన్ని సరిగా మూయకపోతే పేగు జారే ప్రమాదం ఉంది. ఆడకుందేలు విషయంలో పొట్ట తెరచి అండాశయాలను, గర్భాశయాన్ని తీస్తారు గనుక అది మరింత పెద్ద చికిత్స.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజమే. కుందేలు గర్భధారణ కాలం 30 నుంచి 32 రోజులు. ఈనిన రోజునే మళ్లీ కట్టగల జంతువది. జంటను కలిపి ఉంచిన ఇంట్లో ఏడాది తిరగకముందే సంఖ్య చేయిదాటిపోతుంది. అంతకంటే బలమైన కారణం ఆరోగ్యం. వయసు మళ్లిన ఆడకుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ చాలా తరచుగా కనిపించే వ్యాధి. గర్భాశయాన్ని తొలగిస్తే ఆ భయం తొలగుతుంది. మగవాటిలో పోట్లాట, మూత్రం చిమ్మే అలవాటు తగ్గుతాయి.

3. ఆగకూడని జీర్ణవ్యవస్థ

గొర్రె, ఎద్దు నెమరువేసే జంతువులు. మత్తులో పొట్టలోని పదార్థం నోటికి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా వాటిని ముందుగా పస్తు ఉంచుతారు. కుందేలు నెమరువేయదు, వాంతి చేసుకోలేదు. కనుక రాత్రంతా పస్తు ఉంచవలసిన కారణమే దానికి లేదు. నోట్లో మేత లేకుండా మత్తుకు గంటా రెండు గంటల ముందు ఆపితే చాలు. ఎక్కువసేపు ఆపితే అసలు ప్రమాదం మొదలవుతుంది.

కుందేలు పొట్టలో అంధాంత్రం అన్నిటికంటే పెద్ద అవయవం. అందులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. ఆ పోషకాలు మెత్తని గుత్తుల్లా బయటికి వస్తాయి. వాటిని కుందేలు మలద్వారం దగ్గరే నోటితో అందుకుని తింటుంది. చూసేవారికి రోతగా తోచినా, దాని శరీరానికి ఇది రెండవ భోజనం. గట్టి పెంటికలు వేరు, ఈ మెత్తని గుత్తులు వేరు. పీచు నిరంతరం లోపలికి పోతుంటేనే ఈ చక్రం తిరుగుతుంది. నొప్పి, భయం, మత్తు మందు, ఆకలి, వీటిలో ఏ ఒక్కటైనా పేగుల కదలికను మందగింపజేయగలదు. శస్త్రచికిత్స రోజున నాలుగూ ఒకేసారి కలుస్తాయి. కదలిక ఆగితే వాయువు చేరి పొట్ట ఉబ్బుతుంది. ఉబ్బరం వల్ల నొప్పి, నొప్పి వల్ల తినకపోవడం, తినకపోవడం వల్ల మరింత స్తంభన ఏర్పడతాయి. "దెబ్బ తగిలింది కదా, రెండు రోజులు తినదులే" అన్న మాట ఎద్దు విషయంలో ఊరడింపు కావచ్చు. కుందేలు విషయంలో ఆ రెండో రోజు వరకు ఆగితే చేయి దాటిపోవచ్చు.

4. కాలం, వైద్యం, ముందస్తు ఏర్పాట్లు

అత్యవసరం కానప్పుడు ముహూర్తం మన చేతిలోనే ఉంటుంది. కుందేలుకు చెమట ద్వారా చల్లబడే శక్తి దాదాపు లేదు; చెవులలోని రక్తనాళాల ద్వారానే వేడిని వదులుతుంది. 30 డిగ్రీలు దాటితే దానికి బాధ మొదలవుతుంది. మన దేశంలో కుందేళ్లపై పరిశోధన చేసే కేంద్రాలలో ఒకటి కొడైకెనాల్ సమీపంలోని మన్నవనూరు కొండల్లో ఉండటం యాదృచ్ఛికం కాదేమో. పెన్న ఇసుక కాగే మే నెలలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తేమ, ఈగలు. కనుక సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా ఉండే చలిరోజులే ఈ ప్రాంతంలో అన్నివిధాలా అనుకూలం.

స్థానిక పశువైద్యశాలల పని ప్రధానంగా గేదె, ఆవు, గొర్రెల చుట్టూ తిరుగుతుంది. అందువల్ల కుందేళ్లకు మత్తు ఇచ్చిన అనుభవం ఉందా, ఇంటికి నొప్పి మందు ఇస్తారా అని వైద్యుని ముందే అడగటంలో మొహమాటం తగదు. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా అక్కడిదే. సంగం నుంచి అది నూటయాభై కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. అంతదూరం వెళ్తే అదేరోజు బస్సులో తిరిగి తేవడం కంటే ఒక రాత్రి అక్కడే ఉండి, కుందేలు తినడం మొదలుపెట్టాక బయలుదేరడం మేలు. బుట్టలో గడ్డి తప్పక ఉండాలి.

ఈ సంసిద్ధతలో మేత సేకరణే ముఖ్యం. సంగం వైపు మాగాణిలో వరిగడ్డికి కొదవలేదు గాని, అది పరుపుగా పనికొచ్చినంతగా మేతగా పనికిరాదు. గరికను కోసి రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి దాచితే మంచి ఎండుమేత అవుతుంది. పురుగుమందు చల్లిన పొలాల గట్ల మీద మాత్రం కోయరాదు. వేరుశనగ కట్టె వేసేవారు బూజు ఉందేమో విప్పి చూడాలి. కుందేలు ఏ ఆకును ఎక్కువ ఇష్టంగా తింటుందో ముందే గమనించి పెట్టుకోవాలి. కొత్తిమీర కట్ట వాసనకు తల ఎత్తే కుందేళ్లు చాలా ఉంటాయి. కొత్త ఆకును శస్త్రచికిత్స రోజున పరిచయం చేయరాదు. రోజువారీ పెంటికల పరిమాణం, కిరాణా త్రాసు మీద బరువు ముందే రాసిపెట్టుకుంటే, తర్వాతి మార్పులను పోల్చడానికి ఆధారం ఉంటుంది.

5. మొదటి రాత్రి

మత్తు దిగుతున్న కుందేలు శరీరం చల్లబడుతుంది. దాని సహజ ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్, మనకంటే ఎక్కువ. గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. వేడెక్కితే దూరంగా జరగడానికి చోటు వదలాలి. పూర్తిగా తెలివి వచ్చాక వెచ్చదనం అక్కరలేదు. గది వేడిగా ఉంటే కిటికీకి తడిగుడ్డ కట్టాలి. పంజరంలో రంపపు పొట్టు, ఇసుక, బూడిద తీసివేసి పాత నూలుబట్ట పరవాలి. పంజరం కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెడితే చీమలు ఎక్కవు. గాయానికి చీమ పట్టడం మన ఇళ్లలో ఈగ వాలడం కంటే తక్కువ సంగతేమీ కాదు.

తెలివి వచ్చిన కొద్ది గంటల్లో అది ఒక పోచనైనా కొరకాలి. ఎండుగడ్డి, ఇష్టమైన పచ్చాకు, వెడల్పు గిన్నెలో నీళ్లు నోటికి అందేంత దగ్గరగా ఉంచాలి. తినకపోతే, పొట్ట ఉబ్బరం లేదని వైద్యుడు చెప్పిన మీదట, నానబెట్టి మెత్తగా నూరిన కుందేలు దాణాను సూదిలేని సిరంజితో బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా ఇవ్వాలి. కిలో బరువుకు ఒక్కోసారి 10 నుంచి 15 మిల్లీలీటర్ల చొప్పున, రోజుకు నాలుగైదుసార్లు ఇవ్వడం వాడుకలో ఉన్న కొలత. మింగే వ్యవధి ఇవ్వకుండా తోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంట్లో బాగాలేనివారికి పెరుగన్నం కలిపిపెట్టే మన ఆప్యాయత ఇక్కడ హానికరం. అన్నం, పాలు, బిస్కెట్లు, బెల్లం అంధాంత్రంలోని సూక్ష్మజీవుల సమతౌల్యాన్ని చెడగొడతాయి.

మొదటిరోజు పెంటికలు చిన్నవిగా, తక్కువగా ఉండవచ్చు. కాని పన్నెండు గంటలపాటు ఏమీ తినకపోయినా, ఒక్క పెంటిక కూడా వేయకపోయినా తెల్లవారే దాకా వేచిచూడరాదు. చెవులు చల్లబడి, పొట్ట బిగిసి, మూలన ముడుచుకున్న కుందేలు అత్యవసర స్థితిలో ఉన్నట్లే. మూత్రం ఎర్రగా కనిపిస్తే మాత్రం వెంటనే రక్తమని బెదిరిపోనక్కరలేదు. ఆకులలోని వర్ణద్రవ్యాల వల్ల ఆరోగ్యమైన కుందేలు మూత్రం కూడా ఎరుపెక్కుతుంది. అనుమానముంటే వైద్యుడు పరీక్షించి తేల్చగలడు.

6. నొప్పిని చదవడం

గొర్రె అరుస్తుంది. కుక్క మూలుగుతుంది. వేటగాళ్ల నడుమ బతికిన కుందేలు నొప్పిని దాచుకుంటుంది. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం కుందేలు ముఖంలో నొప్పిని చూపే ఐదు గుర్తులను నిర్దేశించింది: కళ్లు సగం మూయడం, బుగ్గలు చదునుకావడం, ముక్కుపుటాల ఆకారం మారడం, మీసాలు బిగియడం, చెవులు వెనక్కి ముడుచుకోవడం. వీటికి తోడు పళ్లు గట్టిగా కొరకడం కూడా నొప్పికి గుర్తే. నిమిరేటప్పుడు వినిపించే మెత్తని పళ్ల చప్పుడు మాత్రం సంతోషానిది. ఈ భేదం రెండు మూడు రోజులు దగ్గర కూర్చుంటే గాని తెలియదు.

మెలాక్సికామ్ వంటి నొప్పి మందును వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు ఇవ్వాలి. కుందేలు హుషారుగా ఉందని మధ్యలో మానరాదు. ఆ హుషారు మందు వల్ల వచ్చినదే కావచ్చు. యాంటీబయాటిక్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్ వంటివి నోటిద్వారా ఇస్తే పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, విషపూరిత విరేచనాలతో కుందేలు చనిపోగలదు. మందుల దుకాణంలో పిల్లల సిరప్ అడిగి తెచ్చి వేయడం ఎంతమాత్రం తగదు. గోమార్లకు కుక్కలకు వాడే ఫిప్రోనిల్ కూడా కుందేలుకు పనికిరాదు.

7. గాయం, విశ్రాంతి, తోడు

గాయాన్ని రోజుకు రెండుసార్లు చూడాలి. ఎత్తేటప్పుడు వెనుక కాళ్లకు ఆసరా ఇవ్వకపోతే, అది విదిలించుకునే బలానికి దాని వెన్నెముకే విరగవచ్చు. మగకుందేలు వృషణసంచిలో కొద్దిపాటి వాపు సహజం. వాపు రోజురోజుకూ పెరగడం, చీము, రక్తం, గజ్జలో మెత్తని ఉబ్బు వైద్యునికి చూపవలసినవి. పసుపు, బూడిద, వేపనూనె గొర్రె పుండుకు రాసినట్లు దీనికి రాయరాదు. కుందేలు ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకునే జంతువు. పూసినదంతా కడుపులోకే పోతుంది. కుక్కలకు వేసే ప్లాస్టిక్ మెడపట్టీ వేస్తే మెత్తని గుత్తులను అందుకోలేదు, బెదిరి మేత మానేస్తుంది. తప్పనిసరి అని వైద్యుడు చెబితేనే వేయాలి.

మగదానికి మూడు నుంచి ఐదు రోజులు, ఆడదానికి వారం నుంచి పదిరోజులు గెంతులు లేని చోటు కావాలి. తోడు కుందేలు ఉంటే మధ్య జాలీ కట్టి ఒకదానికొకటి కనిపించేలా, వాసన తగిలేలా ఉంచాలి. పూర్తిగా వేరుచేస్తే మళ్లీ కలిపినప్పుడు పరాయిదానిలా చూసి కరుచుకుంటాయి.

గాయం మానిన మగకుందేలును వెంటనే ఆడదానితో కలపడం తరచుగా జరిగే పొరపాటు. వృషణాలు తీసిన తర్వాత కూడా నాళాల్లో మిగిలిన శుక్రకణాలు నాలుగు నుంచి ఆరు వారాలపాటు గర్భం కలిగించగలవు. జనవరి 20న శస్త్రచికిత్స జరిగితే, మార్చి మొదటివారం వరకు ఆ జాలీ మధ్యలో ఉండవలసిందే.