పని లేకుండా నడిచిన రోజు

“నువ్వు రెస్టు తీసుకో. సాయంత్రం మీటింగ్ అయ్యాక వచ్చి ఊరు చూపిస్తాను” అని టై సర్దుకుంటూ వెళ్ళిపోయారు మావారు. హోటల్ గది, తెల్లటి పక్క, ఒక కిటికీ. కిటికీ బయట ఏప్రిల్ నెల ఎండ! రెస్టు తీసుకోవడానికి వియన్నా దాకా రావాలా?

అయినా గుమ్మం దాటడానికి అరగంట పట్టింది నాకు. భాష రాదు, తప్పిపోతానేమో అనుకున్నాను. అసలు భయం అది కాదని లిఫ్టులో తెలిసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి గానీ, పని లేకుండా ఒక్కదాన్నీ ఊళ్ళో తిరగడం నాకు తెలీదు. కూరలకి వెళ్ళాను, పిల్లల స్కూలుకి వెళ్ళాను, బ్యాంకుకి, గుడికి, టైలరు దగ్గరికి వెళ్ళాను. చేతిలో సంచీ లేకుండా మాత్రం ఎటూ వెళ్ళలేదు. మీరు వెళ్ళారా? ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

చీర మీద స్వెట్టరు, కాళ్ళకి మా అబ్బాయి స్పోర్ట్స్ షూస్, చేతిలో రిసెప్షన్ అమ్మాయి ఇచ్చిన మ్యాపు. బయల్దేరాను.

మేం దిగింది మరియాహిల్ఫ్ అనే పేటలో. పది నిమిషాలు నడిచాక ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని చూస్తే... నేను కిందికి చూడకుండా నడుస్తున్నాను! మా ఊళ్ళో అయితే ఒక కన్ను మూత లేని డ్రైనేజీ మీద, రెండోది వెనకనించి వచ్చే స్కూటరు మీద ఉండాలి. ఇక్కడ పేవ్‌మెంటు వెడల్పుగా ఉంది. పిల్లల బండి తోసుకుంటూ వచ్చిన తల్లి, కర్ర ఊతంగా వచ్చిన మామ్మగారు, నేను – ముగ్గురం పక్కపక్కన పట్టాం. అలిసిపోతే కూర్చోవడానికి బెంచీలు కూడా.

ఇది దానంతటది జరగలేదట. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎవా కైల్ అనే నగర ప్లానరు తోటివాళ్ళతో కలిసి 1991లో ఒక ఫోటోల ఎగ్జిబిషన్ పెట్టారు. ఈ ఊరు ఎవరిది, ఇందులో ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుంది అన్నదే అందులోని విషయం. మగవాడు కారెక్కి ఆఫీసుకి వెళ్ళి, తిరిగొస్తాడు. ఆడది పిల్లవాణ్ణి బడిలో దింపి, ఉద్యోగానికెళ్ళి, సరుకులు కొని, ముసలి తల్లిని చూసి ఇల్లు చేరుతుంది. అందులో చాలా భాగం నడకే. రోడ్లేమో కార్ల లెక్కన వేస్తున్నారు! ఆ మరుసటి ఏడాదే నగరపాలక సంస్థలో స్త్రీల కోసం ఒక ఆఫీసు పెట్టి, ఆ బాధ్యత ఆవిడకే అప్పగించారు. 1999లో ఒక పేటలో రోజూ ఎలా తిరుగుతారో చెప్పమని కాగితాలు పంచితే, మగవాళ్ళు ఐదు నిమిషాల్లో నింపేసి ఇచ్చారట, ఆడవాళ్ళు రాస్తూనే ఉన్నారట. (నవ్వొచ్చింది. ఆ కాగితం నాకిస్తే ఎడిషనల్ షీట్లు అడిగేదాన్ని.) తర్వాత ఈ మరియాహిల్ఫ్‌నే ప్రయోగానికి ఎంచుకుని పేవ్‌మెంట్లు వెడల్పు చేశారు, చీకటి మూలల్లో దీపాలు పెట్టారు. పొద్దున్నుంచీ నా కాళ్ళ కింద ఉన్నది అదన్నమాట!

పెద్ద బజారు దాటి దిగువకి వస్తే రెండు మ్యూజియంల మధ్య మరియా థెరీసా మహారాణి ఠీవిగా కూర్చుని ఉంది. 1888లో పెట్టిన విగ్రహం. నలభై ఏళ్ళు రాజ్యం చేసింది, పదహారు మంది పిల్లల్ని కంది, మధ్యలో యుద్ధాలు నడిపించింది. చుట్టూ గుర్రాల మీద సేనాపతులు. నాకైతే అడగాలనిపించింది – అమ్మా, నీకు నిద్రెప్పుడు?

ఎదురుగా రింగ్ రోడ్డు. 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి పాత కోటగోడలు పడగొట్టమని ఆజ్ఞ ఇచ్చి వేయించిన వీధి. అది దాటితే పెద్ద మైదానం, చుట్టూ రాజభవనాలు. అంచుల్లో లైలాక్ పొదలు విరగబూసి ఉన్నాయి. మన డిసెంబరాల రంగు గుత్తులు, వాసన మాత్రం సన్నజాజికి దూరపు చుట్టం. ఒక గుత్తి దగ్గర ముక్కు పెట్టి నిలబడిపోయాను. 1938 మార్చి 15న హిట్లర్ ఈ మైదానంలోనే, ఇక్కడి భవనం మీద నించే, లక్షల జనం ముందు మాట్లాడాడు. పూలకవేం తెలుస్తాయి!

పక్క తోటలో ఎలిజబెత్ మహారాణి పాలరాతి విగ్రహం ఉంది. సిసీ అంటారు ముద్దుగా. మడమల దాకా జుట్టట, దాని సంరక్షణకే రోజూ గంటలు పట్టేదట. నాకు నచ్చింది ఇంకోటి. ఆవిడ గంటల తరబడి అలా నడిచిపోతూ ఉంటే దాసీలు అందుకోలేక రొప్పేవారట. పాపం, ఆవిడా సంచీ లేకుండా నడిచిన మనిషే!

పార్లమెంటు ముందు ఎథీనా దేవత బంగారు శిరస్త్రాణం పెట్టుకుని 1902 నుంచీ నిలబడి ఉంది. మామూలు ఆడవాళ్ళకి ఓటు 1918లో వచ్చింది. 1919లో 8 మంది సభ్యులుగా లోపల అడుగుపెట్టారు. దేవతైతే తొందరగానే నిలబెడతారు, అది ఏ దేశంలోనైనా అంతే. ఈ ఊళ్ళో ఏ గుమ్మం చూసినా రాతి స్త్రీలు అరుగుల్నీ, బాల్కనీల్నీ నెత్తిన మోస్తూ ఉంటారు. ఎవరికీ పేరుండదు.

మరి పేరున్న ఆడవాళ్ళు ఎక్కడ? ఆ ప్రశ్నే నన్ను యూనివర్సిటీ లోపలికి తీసుకెళ్ళింది. 1365లో మొదలైన చదువులగుడి. 1897 దాకా అమ్మాయిల్ని చేర్చుకోలేదు. లోపలి పెరడు చుట్టూ వరండాలో గొప్ప పండితుల శిల్పాలు, 150కి పైనే. అందరూ మగవాళ్ళు. చాలాకాలం వాళ్ళ మధ్య ఉన్న ఒకే ఒక్క స్త్రీ మేరీ ఫాన్ ఎబ్నర్-ఎషెన్‌బాఖ్. ఆవిడ కథలు రాసేది! 1900లో ఇక్కడ గౌరవ డాక్టరేటు అందుకుంది. ఆ పలక ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. పప్పు స్టవ్ మీద పెట్టి, నోటుబుక్కు వెనక పేజీల్లో కథలు రాసుకునేదాన్ని కదా నేను.

2009లో ఒక కళాకారిణి ఈ పెరట్లో నల్లరాతితో పెద్ద స్త్రీ నీడని నేల మీద పరిచింది, పిడికిలి ఎత్తి. ‘కళాదేవికి ఇక చాలు’ అని దాని పేరుకి అర్థం. ఆ తర్వాత 2016లో ఏడుగురు స్త్రీ శాస్త్రజ్ఞుల స్మారకాలు వచ్చాయి. వాళ్ళలో లీసె మైట్నర్ ఉంది. అణువిచ్ఛేదనం వెనక ఆవిడ కష్టమూ ఉన్నా 1944 నోబెల్ మాత్రం ఓట్టో హాన్ ఒక్కడికే ఇచ్చారు. ఎలీసె రిష్టర్ ఉంది. ఈ యూనివర్సిటీలో పాఠం చెప్పే హక్కు పొందిన మొదటి స్త్రీ. యూదురాలని డెబ్భై ఏడో ఏట నిర్బంధ శిబిరానికి తరలించారు. 1943లో అక్కడే పోయింది. పొద్దున చూసిన మైదానం ఇక్కడికి నడిచొచ్చినట్టయింది.

మధ్యాహ్నం స్టెఫాన్ చర్చి చూశాను. గోపురానికి 343 మెట్లు. ఎక్కలేదు, మోకాళ్ళంటే నాకు గౌరవం. ఒక కాఫీ హోటల్లో దూరాను. మన దగ్గర హోటల్లో ఒక్కదాన్నీ కూర్చున్న జ్ఞాపకం లేదు. అప్పట్లో ఫ్యామిలీ రూమని కర్టెన్ వెనక కూర్చోబెట్టేవారు కూడాను. ఇక్కడ ‘మెలాంజ్’ అడిగితే చిన్న వెండి ట్రేలో నురగ కాఫీ, పక్కన గ్లాసుడు మంచినీళ్ళు. కొండల నించి పైపుల్లో వచ్చే నీళ్ళట, 1873 నుంచీ. ఒక్క కప్పుతో గంటన్నర కూర్చున్నా బిల్లు తెచ్చి ఎదుట పడెయ్యలేదు. మొదట్లో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. తర్వాత మ్యాపు వెనక రాసుకోవడం మొదలుపెట్టాను. (ఇంకో మాట. పబ్లిక్ టాయిలెట్లకి చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి. మ్యూజియం పుస్తకాలు ఇది చెప్పవు.)

తిరుగుదారిలో తప్పిపోయాను కూడా. ఏం కాలేదు. ఒక మామ్మగారు మ్యాపు తిరగేసి పట్టుకున్నానని సైగ చేసి చూపించింది.

సాయంత్రం మావారు వచ్చేసరికి బాత్‌టబ్ అంచున కూర్చుని వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉన్నాను. మడమ దగ్గర బొబ్బ.

“రెస్టు తీసుకున్నావా?”

“లేదండీ, ఊరు చూశాను.”

“ఒక్కదానివేనా? తప్పిపోతే?”

“తప్పిపోయాను.”

ఆయన బూట్లు విప్పబోతూ ఆగారు. ఇంకా గంటన్నర వెలుతురుంది. బొబ్బకి ప్లాస్టరు అంటించి, షూస్ లేసులు కట్టుకున్నాను. కింద వీధిలో ఆయన అలవాటుగా ముందు నడిచి, మలుపు దగ్గర ఎటు వెళ్ళాలో తెలీక ఆగి వెనక్కి చూశారు.

“ఇటు” అన్నాను.